ఫ్రెంచ్ వాళ్ళకి అమెరికా అంటే అంత చిన్నచూపు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆరేళ్ళు ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగం చేశాను. టీమ్‌లో సగం మంది ఫ్రెంచ్ వాళ్ళు, మిగతా సగం అమెరికా నుంచి సాయంత్రం పూట కాల్‌లో కలిసేవాళ్ళు, మధ్యలో నేను. కాల్ అయిపోయాక కాఫీ మెషిన్ దగ్గర ఫ్రెంచ్ కొలీగ్స్ అమెరికన్ల గురించి అనుకునే మాటలు విన్నాను, డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు పారిస్ చూసి వచ్చి "ఏంటక్కా వీళ్ళకి ఇంత పొగరు" అని అడగడమూ విన్నాను. అవే ప్రశ్నలు ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు ఇది నిజమేనా, లేక సినిమాల్లో పుట్టించిన మాటా?

నిజమే. కానీ ఎవరు చూస్తారు, దేన్ని చూస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ చిన్నచూపు ఎక్కువగా కనిపించేది పారిస్‌లో చదువుకున్నవాళ్ళలో, అంటే రచయితలు, ప్రొఫెసర్లు, పత్రికల వాళ్ళు, సినిమా విమర్శకులు, కొంతవరకు రాజకీయ నాయకులు. మామూలు జనానికి వస్తే ఫ్రాన్స్‌లో మెక్‌డొనాల్డ్స్ షాపులు 1500 దాటి ఉన్నాయి, శనివారం రాత్రి ఏ ఊళ్ళో చూసినా నిండిపోయి ఉంటాయి. ఇంకో సంగతి, ఎదురుగా ఉన్న అమెరికన్ మనిషి మీద వాళ్ళకి పెద్దగా కోపం ఏమీ ఉండదు, స్నేహంగానే ఉంటారు. వాళ్ళు తక్కువ చేసి మాట్లాడేది "అమెరికా" అనే ఒక ఊహ గురించి. డబ్బు తప్ప ఇంకేం తెలియదు, చరిత్ర లేదు, తిండి తెలియదు, పుస్తకాలు చదవరు, పెద్దగా మాట్లాడతారు, మనసు మాత్రం చిన్నపిల్లల మనసు, ఇదీ ఆ ఊహ. "పెద్ద పిల్లలు" అనే మాట నేను ఫ్రెంచ్ వాళ్ళ నోట చాలాసార్లు విన్నాను, అది ప్రేమగా అన్నట్టే ఉంటుంది కానీ అందులో పైనుంచి కిందకి చూసే చూపు ఉంటుంది.

ఇదంతా ఎప్పుడు మొదలైంది? ఇరాక్ యుద్ధం అప్పుడా?

అబ్బే, అమెరికా దేశంగా పుట్టకముందే మొదలైంది, అదే నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం. 18వ శతాబ్దంలో బుఫోన్ అని చాలా పెద్ద ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త ఉండేవాడు, ఆయన రాసింది ఏంటంటే అమెరికా ఖండం చల్లగా చెమ్మగా ఉంటుంది కాబట్టి అక్కడ జంతువులు యూరప్ జంతువుల కన్నా చిన్నవిగా, బలహీనంగా పుడతాయి, ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన పశువులు కూడా అక్కడ కుంచించుకుపోతాయి అని. ఆయన ఒక్కసారి కూడా అట్లాంటిక్ దాటలేదు. తర్వాత రేనాల్ అనే మతగురువు దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళి, అమెరికా ఇంతవరకు ఒక మంచి కవిని గానీ ఒక సమర్థుడైన గణితవేత్తని గానీ పుట్టించలేదు అన్నాడు.

థామస్ జెఫర్సన్‌కి ఇది ఎంత మంటపుట్టించిందంటే తన పుస్తకంలో అమెరికా జంతువుల బరువులు, యూరప్ జంతువుల బరువులు పక్కపక్కన పట్టికలు వేసి చూపించాడు. అది చాలక, పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్నప్పుడు 1787లో న్యూ హాంప్‌షైర్ నుంచి మూస్ అనే పెద్ద దుప్పి లాంటి జంతువు చర్మం, ఎముకలు, కొమ్ములు ఓడ మీద తెప్పించి బుఫోన్‌కి పంపించాడు. తర్వాతి సంపుటంలో సరిచేస్తానని బుఫోన్ మాటిచ్చాడని జెఫర్సన్ చెప్పుకున్నాడు, కానీ 1788లో బుఫోన్ చనిపోయాడు, ఆ సవరణ రానేలేదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ ఇంకొకటి ఉంది, ఇదీ జెఫర్సన్ రాసిపెట్టిందే. పారిస్ దగ్గర పాసీలో ఫ్రాంక్లిన్ ఇంట్లో భోజనానికి సగం మంది అమెరికన్లు, సగం మంది ఫ్రెంచ్ వాళ్ళు వచ్చారు, ఆ రేనాల్ గారు కూడా ఉన్నాడు, మళ్ళీ అదే సిద్ధాంతం ఎత్తుకున్నాడు. ఫ్రాంక్లిన్ వాదించలేదు. "అందరం ఒకసారి లేచి నిలబడదాం, ఎవరు కుంచించుకుపోయారో తేలిపోతుంది" అన్నట్టుగా అడిగాడు. అమెరికన్లందరూ పొడుగ్గా ఉన్నారు, ఫ్రెంచ్ వాళ్ళు పొట్టిగా ఉన్నారు, అందులోనూ రేనాల్ అందరికన్నా పొట్టి. వాదన అక్కడికి ఆగింది గానీ చూపు మాత్రం పోలేదు.

మరి అమెరికా స్వాతంత్ర్యానికి సాయం చేసిందే ఫ్రాన్స్ కదా?

అవును, అక్కడే ఈ బంధం ఎంత చిక్కుముడో తెలుస్తుంది. 1778లో ఫ్రాన్స్ పొత్తు పెట్టుకుంది, లఫాయెత్ అనే ఫ్రెంచ్ కుర్ర సేనాని వెళ్ళాడు, 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచ్ సేనాని రోషాంబో సైన్యం, ఫ్రెంచ్ నౌకాదళం లేకపోతే వాషింగ్టన్ గెలిచేవాడు కాదు. ఆ ఖర్చులకి ఫ్రెంచ్ రాజు ఖజానా ఖాళీ అయ్యింది, పదేళ్ళు తిరక్కుండా రాజ్యమే పోయింది. 1886లో న్యూయార్క్‌లో నిలబెట్టిన లిబర్టీ విగ్రహం ఫ్రెంచ్ ప్రజల కానుక, చెక్కింది బార్తోల్ది, లోపల ఇనుప చట్రం ఐఫెల్‌ది. రెండు ప్రపంచ యుద్ధాల్లో అమెరికా సైనికులు వచ్చి ఫ్రాన్స్ నేల మీద ప్రాణాలిచ్చారు, నార్మండీలో కొల్విల్ దగ్గర తెల్ల శిలువలు వేలల్లో కనిపిస్తాయి, నేను అక్కడ నిలబడి చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ సమాధుల్ని చూసుకునేది అమెరికా ప్రభుత్వ సంస్థే అయినా, ఫ్రెంచ్ వాళ్ళు అక్కడికి ఎంత గౌరవంగా వస్తారో చూస్తే ఈ జాతికి కృతజ్ఞత లేదు అనే మాట ఎవరూ అనలేరు.

అంటే ఇద్దరూ శత్రువులు అనలేం, ఇద్దరి మధ్యా ఎప్పుడూ యుద్ధం ప్రకటించుకున్నదీ లేదు. అసలు గొడవకి కారణం ఏంటంటే ఇద్దరూ ఒకే మాట అంటారు. మా విప్లవం మా ఒక్కరి కోసం కాదు, ప్రపంచం మొత్తానికి, మనుషులందరి హక్కుల కోసం అని అమెరికా అంటుంది, ఫ్రాన్సూ అంటుంది. ఇంగ్లండ్ గానీ ఇటలీ గానీ అలా అనుకోవు. లోకానికి దారి చూపించేది నేనే అనుకునేవాళ్ళు ఇద్దరు ఉంటే పేచీ రాక ఏమవుతుంది.

అమెరికా ఇంత ఎదిగాక కూడా ఆ చూపు ఎందుకు పోలేదు?

మన ఊళ్ళల్లో బతికి చెడ్డ కుటుంబాలు చూసే ఉంటారు. పొలాలు పోతాయి, మేడ పెచ్చులూడిపోతుంది, కానీ వీధి అరుగు మీద కూర్చుని కొత్తగా డబ్బు చేసుకున్న వియ్యంకుల గురించి "వాళ్ళకి మర్యాద తెలీదు, వడ్డన తెలీదు" అంటారు. డబ్బులో గెలవలేనప్పుడు మర్యాదలోనో చదువులోనో నేనే ఎక్కువ అనుకోవడం మనిషి స్వభావం. ఫ్రాన్స్‌ది అదే కథ. 18వ శతాబ్దంలో యూరప్ రాజులంతా ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళు, దౌత్యం అంతా ఫ్రెంచ్‌లోనే. 1919లో వెర్సాయ్ ఒప్పందం ఫ్రెంచ్, ఇంగ్లిష్ రెండింట్లో రాయాల్సి వచ్చింది. 1940లో జర్మనీ చేతిలో ఆరు వారాల్లో ఓడిపోయారు. యుద్ధం తర్వాత అమెరికా డబ్బుతో లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఇండోచైనా పోయింది, 1962లో అల్జీరియా పోయింది. వీటన్నిటి మధ్య మిగిలిందేంటి? భాష, సాహిత్యం, సినిమా, వంట, వైన్. వాటిని కూడా ఎవరైనా వచ్చి తోసేస్తుంటే ఆ మనిషి ఎలా మాట్లాడతాడో ఆలోచించండి.

అందుకే పైకి కనిపించే పొగరు కింద ఉన్నది భయం అని నేను గట్టిగా నమ్ముతాను. అంతమాత్రాన ఆ పొగరు ఒప్పు అయిపోదు. ఒక మనిషిని అతను పుట్టిన దేశం చూసి తక్కువ చెయ్యడం ఎవరు చేసినా తప్పే. కానీ తన సొత్తు కాపాడుకోవడానికి చట్టం తేవడం వేరు, ఎదుటివాణ్ణి మొరటోడు అనడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి "ఫ్రెంచ్ పొగరు" అని ఒకే మూట కట్టేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

కోకాకోలా మీద కూడా గొడవ చేశారట కదా?

చేశారు. 1949, 50 ప్రాంతంలో కంపెనీ ఫ్రాన్స్‌లో పెద్ద ఎత్తున దిగబోతోంది అనగానే కమ్యూనిస్టులు, ద్రాక్ష రైతులు ఇద్దరూ ఒక్కటయ్యారు, మామూలుగా వాళ్ళిద్దరికీ అంత పొత్తు కుదరదు. కోకా-కాలనైజేషన్, అంటే కోకాకోలాతో వలస పాలన, అనే మాట అప్పుడు పుట్టిందే. దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెల్యే ఊరికి మేయర్ కూడా అయిన ఒక ఎంపీ తెచ్చిన బిల్లు 1950 ఫిబ్రవరిలో పార్లమెంటు దిగువ సభలో పాసయ్యింది కూడా, ఇలాంటి పానీయాల మీద ఆరోగ్య శాఖకి అధికారం ఇస్తూ. నిషేధం మాత్రం రాలేదు.

1992 ఏప్రిల్ 12న పారిస్ బయట డిస్నీ పార్క్ తెరిచినప్పుడు ఇంకా పెద్ద గోల. నాటక దర్శకురాలు అరియాన్ మ్నూష్కిన్ దాన్ని "సాంస్కృతిక చెర్నోబిల్" అంది, ఆ మాట ఇప్పటికీ అందరికీ గుర్తే. పార్కు లోపల వైన్ అమ్మం అని కంపెనీ పట్టుబట్టింది, ఫ్రెంచ్ కుటుంబాలకి భోజనంతో పాటు గ్లాసు వైన్ లేకపోవడం అంటే మనకి పెరుగన్నం లేకుండా విస్తరి ఎత్తేసినట్టే, ఏడాది తిరిగేసరికి కంపెనీయే దిగివచ్చి 1993లో వైన్ పెట్టింది. ఇప్పుడు ఆ పార్కు యూరప్‌లో ఎక్కువమంది చూసే పార్కు, వెళ్ళేవాళ్ళలో ఫ్రెంచ్ వాళ్ళే ఎక్కువ.

1999 ఆగస్టు 12న మియో అనే ఊళ్ళో కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ని రైతులు ఊడదీశారు, ముందు నిలబడింది జోసే బోవే. చాలామంది దీన్ని బర్గర్ మీద ద్వేషం అనుకుంటారు, కాదు. హార్మోన్లు వేసి పెంచిన అమెరికా గొడ్డుమాంసాన్ని యూరప్ రానివ్వలేదు, దానికి బదులుగా అమెరికా రోక్‌ఫోర్ చీజ్ మీద 100 శాతం సుంకం వేసింది, మియో చుట్టుపక్కల రైతులు ఆ చీజ్ కోసం గొర్రెపాలు పోసి బతికేవాళ్ళు. కడుపు మీద కొడితే వచ్చిన కోపం అది. ఇంకో సంగతి, బోవే చిన్నప్పుడు కొన్నేళ్ళు కాలిఫోర్నియాలో బర్కిలీలో పెరిగాడు, ఇంగ్లిష్ బాగా వచ్చు.

ఇంగ్లిష్ మాటల మీద నిషేధం ఉందా?

నిషేధం అనకూడదు. 1994 ఆగస్టు 4న వచ్చిన టుబోన్ చట్టం ప్రకారం ప్రకటనలు, సరుకుల మీద వివరాలు, ఉద్యోగ ఒప్పందాలు, ఉద్యోగి తన పని చేసుకోవడానికి కావాల్సిన పత్రాలు ఫ్రెంచ్‌లో ఉండి తీరాలి, పక్కన ఇంగ్లిష్ ఉన్నా పర్లేదు. మామూలు మనుషులు ఏ మాట వాడాలో ప్రభుత్వం చెప్పకూడదని రాజ్యాంగ మండలి అదే ఏడాది అందులో కొన్ని భాగాలు కొట్టేసింది. 2006లో ఒక పెద్ద అమెరికన్ కంపెనీ ఫ్రెంచ్ శాఖకి, సాఫ్ట్‌వేర్ పత్రాలు ఫ్రెంచ్‌లో ఇవ్వలేదని కోర్టు 5 లక్షల యూరోలకి పైగా జరిమానా వేసింది. ఫిర్యాదు చేసింది ఎవరో పండితులు కాదు, అక్కడ పనిచేసే ఉద్యోగుల సంఘాలు. నాకు అర్థంకాని భాషలో మాన్యువల్ ఇచ్చి తప్పు జరిగితే నాది అంటే ఎలా అన్నది వాళ్ళ ప్రశ్న, అందులో పొగరు నాకైతే ఏమీ కనిపించలేదు.

ఫ్రెంచ్ అకాడమీ, అంటే 1635లో రిషల్యూ పెట్టిన 40 మంది సభ్యుల సంస్థ, దాంతో పాటు ప్రభుత్వ పదకమిటీలు కొత్త మాటలు తయారుచేస్తూ ఉంటాయి. ఈమెయిల్‌కి కురియెల్ అన్నారు, సాఫ్ట్‌వేర్‌కి లోజిసియెల్ బాగా నిలబడింది, హ్యాష్‌ట్యాగ్‌కి 2013లో మో-డియెజ్ అన్నారు, అది మాత్రం ఎవరూ వాడగా నేను వినలేదు. కంప్యూటర్‌ని ఫ్రెంచ్‌లో ఓర్దినాతర్ అంటారు, ఇది 1955లో పుట్టింది, పుట్టించమని ఒక లాటిన్ ప్రొఫెసర్‌ని అడిగింది ఎవరనుకున్నారు, ఐబీఎం ఫ్రాన్స్! అంటే ఫ్రెంచ్ వాళ్ళు గర్వంగా చెప్పుకునే మాట ఒక అమెరికన్ కంపెనీ కోరితే వచ్చింది. మనం "కంప్యూటర్" అనే మాటతోనే ఉండిపోయాం, అది తప్పని నేననను, కానీ మాట పుట్టించుకోవాలి అనే పట్టుదల ఉన్నవాళ్ళని చూసి నవ్వడం నాకు నచ్చదు.

సినిమా విషయంలో వాళ్ళు హాలీవుడ్‌ని ఎలా తట్టుకున్నారు?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న, తెలుగువాళ్ళం సినిమా పిచ్చోళ్ళం కదా, శ్రద్ధగా చదవండి.

1946 మే నెలలో వాషింగ్టన్‌లో బ్లూమ్-బర్న్స్ ఒప్పందం జరిగింది. ఫ్రాన్స్ అప్పులు కొన్ని అమెరికా కొట్టేసింది, కొత్త అప్పు ఇచ్చింది, దానికి బదులుగా హాలీవుడ్ సినిమాలకి తలుపులు తెరవమంది. యుద్ధం నాలుగేళ్ళూ ఆగిపోయిన అమెరికన్ సినిమాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడటానికి సిద్ధంగా ఉన్నాయి. ఒప్పందం ప్రకారం థియేటర్లు ప్రతి 13 వారాల్లో 4 వారాలు మాత్రమే ఫ్రెంచ్ సినిమాలకి ఉంచాలి, మిగతా 9 వారాలు ఎవరిదైనా ఆడించుకోవచ్చు. 1948 జనవరిలో నటులు, టెక్నీషియన్లు, సామాన్యులు పారిస్ వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే 4 వారాలు 5 అయ్యాయి, దాంతోపాటు అసలైన పని జరిగింది: టికెట్ మీద పన్ను వేసి ఆ డబ్బుని మళ్ళీ సినిమాలకే పెట్టే నిధి మొదలైంది. ఆ పన్ను ఇప్పుడు టికెట్ ధరలో 10.72 శాతం. ఏ సినిమా అయినా సరే కట్టాలి. అంటే ఒక హాలీవుడ్ సూపర్ హీరో సినిమా పారిస్‌లో హౌస్‌ఫుల్ అయితే ఆ ప్రతి టికెట్ నుంచీ కొంత వెళ్ళి ఎవరో కొత్త ఫ్రెంచ్ డైరెక్టర్ మొదటి సినిమాకి చేరుతుంది. ప్రభుత్వ బడ్జెట్ నుంచి అడుక్కోవాల్సిన పని లేదు. తర్వాత టీవీ చానెళ్ళని కలిపారు, 2021లో నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని కూడా కలిపారు, ఫ్రాన్స్‌లో వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం యూరప్, ఫ్రెంచ్ సినిమాలు సిరీస్‌ల మీద పెట్టాల్సిందే.

ఫలితం ఏంటంటే ఇటలీ, జర్మనీ, బ్రిటన్ థియేటర్లలో సొంత సినిమాలు వెనకబడిపోయినా ఫ్రాన్స్‌లో మాత్రం టికెట్లలో దాదాపు 40 శాతం ఫ్రెంచ్ సినిమాలవే, కొన్నేళ్ళు ఇంకా ఎక్కువే. 1993లో ప్రపంచ వాణిజ్య చర్చల్లో సినిమాని సబ్బుల్లాగా చెప్పుల్లాగా లెక్కెయ్యొద్దు అని ఫ్రాన్స్ అడ్డం తిరిగింది, దాన్నే "సాంస్కృతిక మినహాయింపు" అంటారు. అప్పుడు అమెరికా పత్రికలు అహంకారం అన్నాయి. 2005లో యునెస్కోలో సాంస్కృతిక వైవిధ్యం ఒప్పందానికి 148 దేశాలు ఓటేశాయి, వద్దన్నవి అమెరికా, ఇజ్రాయెల్ రెండే. తర్వాత మన ఇండియా కూడా ఆ ఒప్పందంలో చేరింది. ఫ్రెంచ్ వాళ్ళ మొండితనం వల్ల లాభపడింది వాళ్ళొక్కరే కాదు.

రేడియోది కూడా ఇలాంటి కథే. 1996 నుంచి రేడియోల్లో 40 శాతం పాటలు ఫ్రెంచ్‌లో ఉండాలి అన్నారు. పాత పాటలు బతుకుతాయి అనుకున్నారు, బతికింది రాప్! అమెరికాలో పుట్టిన రాప్‌ని మార్సెయ్ కుర్రాళ్ళు, పారిస్ శివారు కుర్రాళ్ళు ఫ్రెంచ్‌లో పాడారు, రేడియోలకి ఫ్రెంచ్ పాటలు కావాలి కాబట్టి వాళ్ళకి చోటు దొరికింది.

వైన్ పోటీలో అమెరికా గెలిచిందట, నిజమేనా?

నిజం. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి పెట్టిన పోటీ అది. సీసాలు కప్పేసి, ఏది ఏ దేశానిదో చెప్పకుండా రుచి చూపించారు. మార్కులు లెక్కలోకి తీసుకున్న తొమ్మిది మందీ ఫ్రెంచ్ వాళ్ళే, అందరూ ఆ రంగంలో హేమాహేమీలు. తెల్ల వైన్‌లో కాలిఫోర్నియా షతో మోంటెలీనా మొదటిది, ఎర్ర వైన్‌లో కాలిఫోర్నియాదే స్టాగ్స్ లీప్ మొదటిది. కాలిఫోర్నియాలోని నాపా వైన్ తాగి ఒక జడ్జి "హమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్స్‌కి వచ్చాం" అన్నాడు, ఇంకొకావిడ ఫలితాలు చూసి తన మార్కుల కాగితం వెనక్కి ఇచ్చెయ్యమంది. ఫ్రెంచ్ వైన్‌కి వయసు పెరిగితే రుచి వస్తుంది, అప్పుడు తేలుద్దాం అన్నారు. 30 ఏళ్ళ తర్వాత 2006లో అవే ఎర్ర వైన్‌లు మళ్ళీ తాగి చూస్తే మళ్ళీ కాలిఫోర్నియాదే పైచేయి.

కానీ దీనికన్నా నన్ను కదిలించేది వంద ఏళ్ళ ముందు కథ. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన మొక్కలతో పాటు ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వచ్చింది, వేర్లు తినేస్తుంది. ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలు ఊళ్ళకి ఊళ్ళు ఎండిపోయాయి, రైతులు అల్జీరియాకి వలస పోయారు. ఏ మందూ పనిచెయ్యలేదు. చివరికి మోంపెల్యేలో ప్లాంషోన్, అమెరికాలోని మిస్సోరిలో చార్లెస్ రైలీ లాంటి శాస్త్రవేత్తలు కలిసి చూపించిన దారి ఏంటంటే, ఆ పురుగుని తట్టుకునేది అమెరికా ద్రాక్ష వేరే కాబట్టి కింద అమెరికా వేరు, పైన ఫ్రెంచ్ కొమ్మ పెట్టి అంటు కట్టడం. అమెరికా వేరుతో మా వైన్ రుచి చెడిపోతుంది అని చాలామంది ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు, తర్వాత ఇంకో దారి లేక ఒప్పుకున్నారు. ఈరోజు బొర్దో అయినా బుర్గోన్ అయినా దాదాపు ప్రతి తోటా నిలబడింది అమెరికన్ వేరు మీదే. తులూజ్ దగ్గర గాయాక్‌లో ఒక ముసలి రైతు ఆ అంటు దగ్గర కణుపుని వేలితో తడిమి నాకు చూపించాడు, "పురుగు వాళ్ళదే, మందు వాళ్ళదే" అన్నాడు.

అమెరికా నుంచి ఏదీ నచ్చదా వాళ్ళకి?

పిచ్చి ప్రేమ కూడా ఉంది, కొన్నిసార్లు అమెరికన్ల కన్నా ముందే. అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పోని గొప్పవాణ్ణి చేసింది ఫ్రెంచ్ కవి బోద్‌లేర్ అనువాదాలు. అమెరికన్ నవలాకారుడు ఫాక్నర్‌ని స్వదేశంలో సరిగ్గా పట్టించుకోని రోజుల్లో ఫ్రెంచ్ రచయిత సార్త్ర్ ఆయన మీద వ్యాసాలు రాశాడు. హిచ్‌కాక్, హోవర్డ్ హాక్స్ లాంటి హాలీవుడ్ దర్శకుల్ని అమెరికా పత్రికలు వినోదం తీసేవాళ్ళు అనుకుంటుంటే, 1951లో మొదలైన ఒక పారిస్ సినిమా పత్రికలో కుర్ర విమర్శకులు వీళ్ళు గొప్ప కళాకారులు అని వాదించారు, ఆ కుర్రాళ్ళే తర్వాత పెద్ద దర్శకులైన గోదార్, త్రూఫో. ఫిల్మ్ నువార్, అంటే "నల్ల సినిమా", అన్న పేరే ఫ్రెంచ్ వాళ్ళు అమెరికన్ నేర కథల సినిమాలకి పెట్టింది. జాజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. నీలో గొప్పతనం ఏముందో నీకు తెలీదు, నేను చెప్తాను విను, అన్న ధోరణి. ప్రేమలో కూడా టీచర్ కుర్చీ దిగరు.

నల్లజాతి అమెరికన్లని ఫ్రాన్స్ ఆదరించింది అంటారు కదా?

ఆదరించింది, మనస్ఫూర్తిగా. మొదటి ప్రపంచ యుద్ధంలో నల్లజాతి సైనికుల 369వ రెజిమెంట్‌ని అమెరికా సైన్యం తెల్ల సైనికుల పక్కన నిలబెట్టనంటే ఫ్రెంచ్ సైన్యం తీసుకుంది, వాళ్ళు 191 రోజులు ముందు వరసలో పోరాడారు, ఫ్రాన్స్ పతకం ఇచ్చింది. 1925లో 19 ఏళ్ళ వయసులో పారిస్ వచ్చిన నర్తకి జోసెఫిన్ బేకర్ స్టార్ అయ్యింది, రెండో యుద్ధంలో జర్మన్లని ఎదిరించిన రెసిస్టెన్స్ ఉద్యమానికి రహస్యంగా పనిచేసింది, 2021 నవంబరులో ఆవిడకి దేశంలో గొప్పవాళ్ళ స్మారక మందిరం పాంథియోన్‌లో చోటిచ్చారు. రచయితలు రిచర్డ్ రైట్, జేమ్స్ బాల్డ్విన్ అక్కడే ఊపిరి పీల్చుకున్నారు.

కానీ "చూశారా, మాకు అమెరికాలాగా జాతి వివక్ష లేదు" అని దీన్ని చూపించి చెప్పుకోవడం మాత్రం నిజాయితీ కాదు. బేకర్‌కి చప్పట్లు కొట్టింది అరటిపళ్ళ లంగా కట్టించి. బాల్డ్విన్ పారిస్‌లో ఉండగానే గమనించాడు, తనకి దొరికిన మర్యాద అదే వీధిలో అల్జీరియన్‌కి దొరకట్లేదని. 1961 అక్టోబరు 17న పారిస్ పోలీసులు అల్జీరియన్ల ఊరేగింపు మీద పడి చంపారు, శవాలు సెన్ నదిలో తేలాయి, ఆ విషయం దశాబ్దాల పాటు దాదాపు ఎవరూ మాట్లాడలేదు. పక్కింటి తప్పు చూపించడం వల్ల సొంతింటి తప్పు కనపడకుండా పోయింది. ఈ చిన్నచూపు వల్ల ఫ్రాన్స్‌కి జరిగిన అసలు నష్టం ఇదే అంటాను నేను.

ఈ మధ్య "అమెరికా ఆలోచనలు మాకొద్దు" అంటున్నారట, అదేంటి?

2020 అక్టోబరు 2న మాక్రాన్ ఒక ప్రసంగంలో అమెరికా నుంచి దిగుమతి అయిన కొన్ని సామాజిక సిద్ధాంతాల గురించి హెచ్చరించాడు, జాతి గురించి, వలస పాలన గురించి వచ్చేవి. అవి అమెరికా యూనివర్సిటీల నుంచి వచ్చిన మాట నిజమే గానీ, అక్కడ వాటికి పునాది వేసినవాళ్ళలో ఫూకో, డెరిడా ఉన్నారు, ఇద్దరూ ఫ్రెంచ్ తత్వవేత్తలే. 1966లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక సదస్సు నుంచి అది అమెరికాలో పాకింది, అక్కడ దాని పేరే "ఫ్రెంచ్ థియరీ". ఇక్కణ్ణుంచి వెళ్ళి వేరే బట్టలు కట్టుకుని తిరిగొచ్చిన సొంత బిడ్డని గుర్తుపట్టలేదు, అంతే.

అమెరికన్లు మాత్రం తక్కువ తిన్నారా?

లేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పారిస్ పత్రిక లె మోండ్ "మనమందరం అమెరికన్లమే" అని మొదటి పేజీలో రాసింది. ఏడాదిన్నర తిరక్కుండా 2003 ఫిబ్రవరి 14న ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి విల్పాన్ ఐక్యరాజ్యసమితిలో ఇరాక్ యుద్ధం వద్దన్నాడు, మార్చిలో అమెరికా ప్రతినిధుల సభ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు "ఫ్రీడమ్ ఫ్రైస్" అయిపోయింది. 2006లో చప్పుడు లేకుండా పాత పేరు వచ్చేసింది. విల్పాన్ చెప్పింది తప్పు కాదని ఈరోజు అమెరికాలోనే చాలామంది ఒప్పుకుంటారు.

పారిస్‌లో వెయిటర్ మాతో సరిగ్గా మాట్లాడలేదు, అమెరికా నుంచి వచ్చామనా?

చాలావరకు కాదు. షాపులోకి గానీ బస్సులోకి గానీ కేఫ్‌లోకి గానీ అడుగుపెట్టగానే "బోంజూర్" అనాలి, అన్నాకే ప్రశ్న అడగాలి. మనం ఒకరింటికి వెళ్ళి పలకరించకుండా "మంచినీళ్ళున్నాయా" అంటే ఎలా ఉంటుందో, బోంజూర్ లేకుండా "ఒక కాఫీ" అంటే వాళ్ళకి అలా ఉంటుంది. అమెరికాలో చిరునవ్వుతో సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. వెయిటర్ బిల్లు తేలేదంటే నిర్లక్ష్యం కాదు, అడగకుండా తేవడం అంటే "ఇక లేవండి" అన్నట్టు, అందుకే తేడు. సర్వీస్ చార్జీ ధరలోనే ఉంటుంది, టిప్ కోసం అతను నవ్వాల్సిన అవసరం లేదు. డల్లాస్ తమ్ముడికి ఇది చెప్పాక రెండోసారి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే బోంజూర్ అన్నాడట, అదే కేఫ్‌లో అదే మనిషి కూర్చోబెట్టి ఏం తినాలో కూడా చెప్పాడట.

ఫ్రెంచ్ వాళ్ళతో, అమెరికన్లతో కలిసి పనిచేస్తున్నాను, నా పని ఫ్రెంచ్ మేనేజర్‌కి ఎప్పుడూ నచ్చదు, ఏం చెయ్యాలి?

నచ్చట్లేదని మీరు అనుకుంటున్నారు. ఫ్రెంచ్ స్కూళ్ళలో మార్కులు 20కి వేస్తారు. 10 వస్తే పాస్, 12 పర్లేదు, 14 బాగుంది, 16 చాలా బాగుంది. ఫిలాసఫీ లాంటి పేపర్‌లో 20కి 20 దాదాపు ఎవరికీ రాదు. అలా పెరిగిన మనిషి మీ పని చూసి "పా మాల్" అంటే, మాటకి మాట చూస్తే "చెడుగా లేదు" అని, నిజానికి అది మెచ్చుకోలే. అటు అమెరికన్ ప్రతిదానికీ "గ్రేట్ జాబ్" అంటాడు, అదీ అబద్ధం కాదు, ముందు ధైర్యం ఇచ్చి తర్వాత సరిదిద్దడం అక్కడి పద్ధతి. మా టీమ్‌లో అమెరికన్లు ఫ్రెంచ్ రివ్యూలు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి, ఫ్రెంచ్ వాళ్ళు అమెరికన్ రివ్యూలు చదివి "వీళ్ళు అసలు చదివారా" అని అనుమానపడ్డ రోజులూ ఉన్నాయి. మార్కులతో పెరిగిన తెలుగుపిల్లని కాబట్టి నాకు రెండూ అర్థమయ్యేవి, అందుకే రివ్యూ పంపేముందు రెండు వైపులా నాకు చూపించడం మొదలుపెట్టారు. నేను వచ్చేసే రోజు మా ఫ్రెంచ్ మేనేజర్ కార్డు మీద ఒక్క లైన్ రాసింది, "ఆరేళ్ళు, 20కి 17". ఆ కార్డు ఇంకా నా టేబుల్ మీదే ఉంది.